చీమకుర్తి గ్రానైట్ ఆఫీసుకి 24 పోర్టుల స్విచ్: కేబుల్ నుంచి ఐపీ దాకా

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసు. 9 కంప్యూటర్లు, 2 ప్రింటర్లు, ఒక బయోమెట్రిక్ మెషీన్, 6 ఐపీ కెమెరాలు, వాటి రికార్డింగ్ దాచే ఎన్‌వీఆర్. ఫైబర్ నెట్ బాక్సుకి ఉన్న 4 పోర్టులు చాలక దాని వెనక ఒక 5 పోర్టుల స్విచ్ (కేబుళ్లన్నిటినీ ఒకచోట కలిపే పెట్టె), దాని వెనక ఇంకొకటి, పై గదిలో పాత వైఫై రౌటర్ ఒకటి. అకౌంట్లు రాసే ట్యాలీ మధ్యలో ఆగిపోతోంది, ప్రింటర్ ఒక్కోరోజు అసలు కనపడదు. పైగా గేటు దగ్గర 140 మీటర్ల దూరంలో ఉన్న కాటా గదిలో కంప్యూటర్ని కూడా కలపాలి. ఒంగోలులో 24 పోర్టుల స్విచ్ ఒకటి తెచ్చి పెడితే సరిపోతుందా, ఎలా సెట్ చేయాలి అని అడిగారు.

స్విచ్ ఒక్కటే మారిస్తే సరిపోదు. స్విచ్‌లో సెట్ చేసేది చాలా తక్కువ. మీరు చెప్పిన లక్షణాలు రెండూ కేబుల్ నుంచో, కరెంటు నుంచో, ఐపీ అడ్రసులు (నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికి ఉండే నంబరు) ఇచ్చే బాక్సులు రెండు ఉండటం వల్లో వస్తాయి. ఆ మూడూ సరిచేయకుండా ఎంత మంచి స్విచ్ పెట్టినా వారంలో మళ్లీ ఇదే కథ.

ముందు పోర్టుల లెక్క. కంప్యూటర్లకి 9, ప్రింటర్లకి 2, బయోమెట్రిక్‌కి 1, నెట్ బాక్సుకి 1, వైఫైకి 1, కాటా గదికి 1, కెమెరాలకీ ఎన్‌వీఆర్‌కీ విడిగా పెట్టే స్విచ్ నుంచి వచ్చే వైరుకి 1. మొత్తం 16. అంటే 16 పోర్టుల స్విచ్ కొన్న రోజే నిండిపోతుంది. 24 తీసుకోవాలన్న మీ ఆలోచన సరైనదే. అన్ని పోర్టులూ గిగాబిట్ (1000 ఎంబీపీఎస్ వేగం) ఉన్నది తీసుకోండి. తక్కువ ధర అని 100 ఎంబీపీఎస్ దాటని 10/100 స్విచ్ అంటగడితే వద్దనండి. ఫ్యాన్ లేనిది కావాలి. మీ దగ్గర గాల్లో రాతి దుమ్ము ఎప్పుడూ ఉంటుంది, ఫ్యాన్ ఉన్న స్విచ్ ఆ దుమ్మునంతా లోపలికి లాక్కుంటుంది.

అన్‌మేనేజ్డ్ (సెట్టింగులేవీ లేనిది) తీసుకోవాలా, స్మార్ట్ స్విచ్ (లోపలికి వెళ్లి సెట్టింగులు మార్చుకోగలిగేది) తీసుకోవాలా అంటే, నేను స్మార్ట్ స్విచ్‌కే ఓటేస్తాను. వీలాన్లూ (ఒకే స్విచ్‌ని విడి నెట్‌వర్కులుగా విడగొట్టడం) అవీ చేయడానికి కాదు. రెండే కారణాలు. ఒకటి, లూప్ ప్రివెన్షన్ ఉంటుంది, అంటే ఒక కేబుల్ రెండు చివర్లూ పొరపాటున ఇదే నెట్‌వర్క్‌లో గుచ్చితే ఆ పోర్టుని ఆపేస్తుంది. రెండు, ఏ పోర్టులో ఎన్ని సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో చెడిపోయి వచ్చిన డేటా) వస్తున్నాయో లెక్క చూపిస్తుంది. ఏ కేబుల్ పాడైందో ఊహించకుండా చెప్పే పరికరం ఈ స్థాయి ఆఫీసులో అదొక్కటే. కొనేముందు ఆ మోడల్‌లో ఈ రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి.

స్విచ్ ఎక్కడ పెట్టాలి అన్నది చిన్న విషయం కాదు. చాలా స్విచ్‌ల మీద 0 నుంచి 40 డిగ్రీల వరకే పనిచేస్తాయని రాసి ఉంటుంది. మే నెలలో మన దగ్గర బయటే 40 దాటుతుంది, రేకుల కప్పు కింద మూసి ఉన్న గదిలో ఇంకా ఎక్కువ. కాబట్టి రేకుల గదిలో, అటక మీద, మెట్ల కింద పెట్టొద్దు. అకౌంట్స్ వాళ్లు కూర్చునే స్లాబ్ గదిలో, ఏసీ గాలి తగిలే గోడకి, తలుపున్న 6యూ సైజు గోడ ర్యాక్ (పరికరాలు బిగించే పెట్టె) పెట్టించండి. నెట్ బాక్సు, స్విచ్, ప్యాచ్ ప్యానెల్ (గోడ కేబుళ్లు వచ్చి ఆగే సాకెట్ల పట్టీ), కాటా గది మీడియా కన్వర్టర్ (ఫైబర్‌నీ రాగి కేబుల్‌నీ కలిపే డబ్బా) అన్నీ అందులోకే. రెండు మూడు నెలలకోసారి స్విచ్ ఆపి, బ్లోయర్‌తో మెల్లగా దుమ్ము కొట్టించండి. పనిలో పనిగా ఖాళీ పోర్టులకి రబ్బరు మూతలు పెట్టండి.   

ఇక కరెంటు. కంప్యూటర్లు అన్నిటికీ యూపీఎస్ ఉంటుంది, స్విచ్ మాత్రం మామూలు బోర్డులో గుచ్చి ఉంటుంది. కరెంటు పోయి జనరేటర్ అందుకునే లోపు స్విచ్ ఆగి మళ్లీ లేస్తుంది. కంప్యూటర్లు ఆగలేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కానీ షేర్ చేసిన ఫోల్డర్ మీద తెరిచిన ట్యాలీకి ఆ కాసేపూ డేటా దారి తెగిపోతుంది. అది మధ్యలో ఆగేది చాలావరకు ఇక్కడే, ఒక్కోసారి డేటా రిపేర్ దాకా పోతుంది. స్విచ్, నెట్ బాక్సు, ట్యాలీ డేటా ఉన్న కంప్యూటర్, ఈ మూడూ యూపీఎస్ మీద ఉండి తీరాలి. స్విచ్, నెట్ బాక్సు కలిపి తినే కరెంటు తక్కువే, ఆ రెండింటికి ఒక 600 వీఏ యూపీఎస్ ధారాళంగా చాలు. ప్లగ్గు మూడు పిన్నులది అయి ఉండాలి, ఆ బోర్డుకి నిజంగా ఎర్త్ వస్తోందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించుకోండి. కటింగ్ మెషీన్ల మోటార్లు నడిచే లైన్ నుంచి ఈ యూపీఎస్‌కి కరెంటు తీసుకోవద్దు.

కేబుల్ విషయంలో కొంచెం ఓపిగ్గా చదవండి, డబ్బు పోయేదీ మిగిలేదీ ఇక్కడే.

క్యాట్ 6, 23 గేజ్, పూర్తి రాగి కేబుల్ కావాలి. 305 మీటర్ల పెట్టెల్లో వస్తుంది. సగటున ఒక్కో పాయింటుకి 20 మీటర్లు వేసుకున్నా 15 పాయింట్లకి ఒక పెట్టె సరిపోతుంది. అదే పెట్టెలో, అదే రంగులో సీసీఏ అనే రకం కూడా అమ్ముతారు. అంటే లోపల అల్యూమినియం, పైన రాగి పూత. షాపులోనే ఒక్క తీగె బయటికి తీసి బ్లేడుతో గీకి చూడండి. లోపల కూడా ఎర్రగానే ఉంటే రాగి, వెండిలా తెల్లగా మెరిస్తే సీసీఏ. నాలుగైదు సార్లు అటూ ఇటూ వంచితే సీసీఏ పుటుక్కున తెగిపోతుంది. కొత్తలో అది కూడా పనిచేస్తుంది, అందుకే జనం మోసపోతారు. కొన్నాళ్లకి జాక్ దగ్గర పట్టు వదులై లింక్ పడి లేస్తుంటుంది. కెమెరాలకి కేబుల్ మీదే కరెంటు పంపేచోట ఇంకా ప్రమాదం, వోల్టేజి తగ్గి రాత్రి ఐఆర్ లైట్లు వెలగ్గానే కెమెరా రీస్టార్ట్ అవుతుంది.

ప్రతి టేబుల్ నుంచి ర్యాక్ దాకా విడి కేబుల్ రావాలి. టేబుల్ కింద చిన్న స్విచ్ పెట్టి అక్కణ్ణుంచి పంచుకోవడం మానేయండి. ఇప్పుడున్న ఆ రెండు చిన్న స్విచ్‌లు పూర్తిగా తీసేయాలి. కరెంటు వైర్లున్న కేసింగ్‌లో ఈ కేబుల్ దూర్చొద్దు, కనీసం అడుగు దూరం ఉంచండి. దాటక తప్పని చోట అడ్డంగా, లంబ కోణంలో దాటించండి. ఒక్కో కేబుల్ రెండు చివర్లా ఒకే నంబరు రాసి అంటించండి. మార్కర్‌తో కేబుల్ మీద రాస్తే చెరిగిపోతుంది, లేబుల్ వేసి పైన పారదర్శక టేపు చుట్టండి.

గోడలో వేసే గట్టి తీగె కేబుల్‌కి నేరుగా ఆర్‌జే45 ప్లగ్గు కొట్టి కంప్యూటర్‌లో గుచ్చడం మన దగ్గర అలవాటు. అలా వద్దు. టేబుల్ దగ్గర కీస్టోన్ జాక్ (గోడ సాకెట్) ఉన్న పెట్టె, ర్యాక్‌లో ప్యాచ్ ప్యానెల్. ఈ రెండింటి నుంచి కంప్యూటర్‌కీ స్విచ్‌కీ కంపెనీ తయారుచేసిన ప్యాచ్ కార్డులు (రెండు వైపులా ప్లగ్గులున్న పొట్టి కేబుళ్లు). ఊడ్చేవాళ్ల చీపురు తగిలినా, కుర్చీ చక్రం ఎక్కినా పోయేది ప్యాచ్ కార్డే, గోడలో కేబుల్ కాదు.

కాటా గదిలోనో, కెమెరా దగ్గరో ప్లగ్గు కొట్టక తప్పకపోతే పద్ధతి ఇది. పై తొక్క ఒక అంగుళం తీయండి, లోపలి తీగెలకి గాటు పడకూడదు. క్యాట్ 6 మధ్యలో ఉండే ప్లాస్టిక్ పుల్లని మొదట్లోకి కత్తిరించండి. జంటల మెలిక విప్పి, ప్లగ్గుని అరచేతిలో పట్టుకుని, చిలక (నొక్కితే ఊడే క్లిప్పు) కిందికి, రంధ్రం మీ వైపుకి ఉండేలా చూస్తే ఎడమ నుంచి వరస: తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ. రెండు చివర్లా ఇదే వరస. తీగెలన్నీ సమానంగా కత్తిరించాక మెలిక విప్పిన భాగం 13 మిల్లీమీటర్లకి మించకూడదు. ప్లగ్గులోకి తోశాక ముందువైపు నుంచి చూడండి, ఎనిమిది రాగి చుక్కలూ చివరిదాకా వచ్చి ఆనాలి. పై తొక్క కూడా ప్లగ్గు లోపలికి వచ్చి, దాన్ని కిందనున్న అచ్చు నొక్కి పట్టాలి. అది బయటే ఉండిపోతే లాగుడంతా తీగెల మీదే పడుతుంది. అప్పుడే క్రింపింగ్ టూల్ పూర్తిగా నొక్కండి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, వరసగా నారింజ జంట, ఆకుపచ్చ జంట, నీలం జంట, గోధుమ జంట అని అందంగా పెట్టేయడం. రెండు వైపులా అలాగే పెడితే 8 లైట్ల టెస్టర్ అన్నీ సరిగ్గానే ఉన్నాయని చూపిస్తుంది. కానీ 3, 6 పిన్నులు ఒకే మెలికలో ఉండాలి. అవి వేరు వేరు జంటల్లోకి పోతే సిగ్నళ్లు ఒకదానిలోకి ఒకటి కలిసిపోతాయి. కేబుల్ పొట్టిగా ఉంటే ఎలాగో నడుస్తుంది, పొడుగైతే ఎర్రర్లే ఎర్రర్లు. టెస్టర్ లైట్ వెలిగింది కదా అని వదిలేయకండి, రంగులు కంటితో చూడండి.

కాటా గది సంగతి వేరు. రాగి కేబుల్ మీద ఈథర్నెట్ హద్దు 100 మీటర్లు, గోడలో 90, రెండు వైపులా ప్యాచ్ కార్డులకి 10. 140 మీటర్లకి లాగితే లింక్ రావచ్చు, రాకపోవచ్చు, వచ్చినా నిలకడ ఉండదు. మధ్యలో ఒక స్విచ్ పెట్టి 70, 70గా లాగుదామని ఎవరైనా చెబితే ఒప్పుకోవద్దు. దూరం ఒక్కటే కాదు సమస్య. రెండు కట్టడాలకి రెండు ఎర్తులు. ఎండాకాలం సాయంత్రం గాలివాన వచ్చి దగ్గర్లో పిడుగు పడితే ఆ రెండింటి మధ్య తేడా వోల్టేజి రాగి కేబుల్ గుండా పరుగెత్తి స్విచ్‌నీ, దానికున్న కంప్యూటర్ల పోర్టుల్నీ కాల్చేస్తుంది. గాజు తీగెలో కరెంటు పోదు. అందుకని కాటా గదికి ఫైబర్ ఒక్కటే దారి. లోపల ఉక్కు తీగె ఉన్న ఫైబర్ వేస్తే మాత్రం ఆ ఉక్కుని రెండు చివర్లా కత్తిరించి పరికరాలకి దూరంగా ఉంచాలి.

కావలసినవి: సింగిల్ మోడ్ ఫైబర్ కేబుల్ 160 మీటర్లు, రెండు చివర్లా చుట్టలు పెట్టుకోవడానికి ఆ అదనపు 20. కనీసం 2 కోర్లు (గాజు పోగులు), ఒకటి పోతే ఇంకొకటి ఉంటుంది. గిగాబిట్ మీడియా కన్వర్టర్లు ఒక జత. జత అన్నమాట గట్టిగా పట్టుకోండి. ఒకే గాజు పోగు మీద రానూ పోనూ నడవాలంటే ఒకటి 1310 నానోమీటర్లలో పంపి 1550లో అందుకోవాలి, రెండోది దానికి తారుమారుగా ఉండాలి. పెట్టెల మీద ఏ, బీ అని రాసి ఉంటుంది. రెండూ ఏ తెచ్చుకుంటే లైట్ రాదు. ఒకటి గిగాబిట్, ఇంకొకటి 10/100 అయినా రాదు.

అతికించడానికి కేబుల్ టీవీ, ఫైబర్ నెట్ పనిచేసేవాళ్ల దగ్గర స్ప్లైసింగ్ మెషీన్ ఉంటుంది. వాళ్లకి ముందే ఒకమాట చెప్పండి. ఇళ్ల కనెక్షన్లకి వాడేది ఎక్కువగా పచ్చ రంగు కనెక్టర్, దాని ముఖం ఏటవాలుగా ఉంటుంది. మీడియా కన్వర్టర్లకి సాధారణంగా కావాల్సింది నీలం కనెక్టర్. రెండూ ఒకే గూటిలో దూరతాయి కానీ ముఖాలు కలవవు. సిగ్నల్ బలహీనపడుతుంది, ముఖం మీద గీతలు పడతాయి. నీలం పిగ్‌టైల్సే (చివర కనెక్టర్ ఉన్న పొట్టి ఫైబర్ ముక్కలు) వేయించండి.

కేబుల్‌ని గాల్లో లాగొద్దు. బ్లాకులెత్తే క్రేనులు, లోడు లారీలు తిరిగే యార్డులో అది ఎన్నాళ్లో నిలవదు. రెండడుగుల లోతున హెచ్‌డీపీఈ పైపులో వేయండి, లారీలు దాటేచోట మూడడుగుల లోతు తీసి జీఐ పైపు తొడగండి. పైపులో ఒక నైలాన్ తాడు కూడా వదిలేయండి, రేపు ఇంకో కేబుల్ లాగాలంటే మళ్లీ తవ్వక్కర్లేదు. కాటా గదిలో కన్వర్టర్ అడాప్టర్ కూడా అక్కడి కంప్యూటర్ యూపీఎస్ మీదే ఉండాలి. ఇంకొకటి, కాటా ఇండికేటర్ నుంచి కంప్యూటర్‌కి వచ్చేది సాధారణంగా సీరియల్ కేబుల్. అది ఆ గదిలోనే ఉండిపోవాలి, నెట్‌వర్క్‌లోకి వచ్చేది కంప్యూటర్ మాత్రమే.

ఇప్పుడు కలపడం. నెట్ బాక్సు లాన్ పోర్టు ఒకటి స్విచ్‌లో ఏ పోర్టుకైనా పెట్టండి. ఇప్పటి స్విచ్‌లకి ప్రత్యేకంగా అప్‌లింక్ పోర్టు, క్రాస్ కేబుల్ అక్కర్లేదు. నెట్ బాక్సు మిగతా మూడు లాన్ పోర్టులూ ఖాళీగా ఉంచండి.

ఐపీ అడ్రసులు కాగితం మీద రాసుకుని మొదలుపెట్టండి. నెట్ బాక్సు 192.168.1.1 అనుకుందాం. స్విచ్‌కి 192.168.1.3. ట్యాలీ కంప్యూటర్‌కి చివరి అంకె 10, ప్రింటర్లకి 21, 22, బయోమెట్రిక్‌కి 31, ఎన్‌వీఆర్‌కి 41, కాటా కంప్యూటర్‌కి 51. ఇవి కదలకూడదు, స్టాటిక్‌గా పెట్టండి. నెట్ బాక్సులో డీహెచ్‌సీపీ పూల్‌ని (అది తనంతట తాను పంచే అడ్రసుల వరసని) 100 నుంచి 180 దాకా కుదించండి. చాలా బయోమెట్రిక్ మెషీన్లు కంపెనీ నుంచి 192.168.1.201తో వస్తాయి. దాన్ని మార్చకుండా, పూల్ 254 దాకా వదిలేస్తే ఎవరి ఫోన్‌కో 201 పోయి, ఆరోజు హాజరు దిగదు. ప్రింటర్ ఒక్కోరోజు కనపడకపోవడం కూడా ఇలాంటిదే, దాని అడ్రసు మారిపోతోంది. స్టాటిక్ చేశాక కంప్యూటర్లలో ఆ ప్రింటర్‌ని తీసేసి కొత్త అడ్రసుతో మళ్లీ చేర్చాలి.

పై గదిలో పాత వైఫై రౌటర్ దగ్గర జాగ్రత్త. అది కూడా డీహెచ్‌సీపీ ఇస్తుంది. కేబుల్ దాని లాన్ పోర్టులో పెట్టి ఉంటే, ఏ కంప్యూటర్ ముందు ఎవరి మాట వింటే ఆ అడ్రసు తీసుకుంటుంది. కొన్ని 192.168.1లో, కొన్ని 192.168.0లో పడతాయి, ఒకదానికి ఒకటి కనపడవు. ముందు దాన్ని ఒక్క కంప్యూటర్‌కి కలిపి, డీహెచ్‌సీపీ ఆపేసి, దాని అడ్రసు 192.168.1.2 చేసి, అప్పుడు లాన్ పోర్టు నుంచి స్విచ్‌కి పెట్టండి. వాన్ (WAN) పోర్టు ఖాళీ. యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే ఇంకా సులువు. అనుమానం వస్తే ఏ కంప్యూటర్‌లోనైనా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ipconfig /all కొట్టండి. డీహెచ్‌సీపీ సర్వర్ అన్న వరసలో 192.168.1.1 కాకుండా వేరేది ఉంటే ఇంకో బాక్సు అడ్రసులు పంచుతోందన్నమాట. 169.254తో మొదలయ్యే అడ్రసు వస్తే ఎవరూ అడ్రసు ఇవ్వలేదని, ముందు కేబుల్ చూడాలి.

స్మార్ట్ స్విచ్‌లోకి వెళ్లి పాస్‌వర్డ్ మార్చండి, లూప్ ప్రివెన్షన్ ఆన్ చేయండి, సేవ్ కొట్టండి. కొన్నింట్లో సేవ్ విడిగా ఉంటుంది, కొట్టకపోతే కరెంటు పోయినప్పుడు అన్నీ పోతాయి. ఇంక దేన్నీ ముట్టుకోవద్దు.

కెమెరాలకి 8 పోర్టుల పీఓఈ స్విచ్ (నెట్‌వర్క్ కేబుల్ మీదే కరెంటు పంపేది) విడిగా పెట్టండి. కెమెరాకి రాత్రిపూట 8 వాట్లు వేసుకుంటే ఆరింటికి 48, కాబట్టి ఆ స్విచ్ ఇవ్వగల మొత్తం కరెంటు 60 వాట్లకి తగ్గకూడదు. పెట్టె మీద 802.3ఏఎఫ్ అని (పీఓఈ ప్రమాణం పేరు) ఉండాలి. ఎన్‌వీఆర్‌ని కూడా ఆ స్విచ్‌కే కలిపితే రికార్డింగ్ ట్రాఫిక్ అక్కడే తిరుగుతుంది, పెద్ద స్విచ్‌కి ఒక్క వైరు వస్తే చాలు.

కలిపేటప్పుడు అన్నీ ఒకేసారి గుచ్చొద్దు. ఒక్కో కంప్యూటర్ కలిపి, దాని లింక్ స్పీడ్ చూడండి. 1000 ఎంబీపీఎస్ రావాలి. 100 వస్తే 4, 5, 7, 8 పిన్నుల్లో ఏదో ఒకటి పట్టలేదు. 100కి రెండు జంటలు చాలు, గిగాబిట్‌కి నాలుగూ కావాలి, అందుకే కేబుల్ సగం పాడైనా నెట్ వస్తూనే ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. ముందు ప్యాచ్ కార్డు మార్చి చూడండి, తర్వాత జాక్ మళ్లీ కొట్టండి. ట్యాలీ కంప్యూటర్ నుంచి ఒక పెద్ద ఫైలు కాపీ చేస్తే 100లో సెకనుకి 11 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, గిగాబిట్‌లో ఎస్‌ఎస్‌డీలు ఉంటే 100 ఎంబీ దాటుతుంది. ఆ తర్వాత ఇంకో కంప్యూటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో ping 192.168.1.10 -t అని కొట్టి ఒక గంట వదిలేయండి. వైరు మీద 1 మిల్లీసెకను లోపే ఉండాలి, ఒక్క టైమవుట్ కూడా రాకూడదు.

ఎప్పుడైనా ఆఫీసంతా ఒక్కసారిగా నిలిచిపోయి, స్విచ్ లైట్లన్నీ కలిసి గబగబా కొట్టుకుంటుంటే అది లూప్. ఊడ్చేటప్పుడు టేబుల్ కింద వేలాడుతున్న ప్యాచ్ కార్డు చివరని ఎవరో సాయం చేద్దామని గోడ జాక్‌లో పెట్టేసి ఉంటారు. అన్‌మేనేజ్డ్ స్విచ్ అయితే ఒక్కో కేబుల్ తీస్తూ లైట్లు ఎక్కడ శాంతిస్తాయో చూడాలి. లూప్ ప్రివెన్షన్ ఉంటే ఆ పోర్టు ఒక్కటే ఆగుతుంది, మిగతా ఆఫీసు నడుస్తుంది.

ఇదంతా అయ్యాక కూడా ఒక్క కంప్యూటర్‌లోనే ట్యాలీ తెగుతుంటే, అది వైఫై మీద ఉందేమో చూడండి, ల్యాప్‌టాప్‌లు కేబుల్ పెట్టినా ఒక్కోసారి వైఫై వదలవు. ట్యాలీ డేటా ఉన్న కంప్యూటర్ స్లీప్‌లోకి వెళ్లకుండా చేయండి, నెట్‌వర్క్ ప్రొఫైల్ ప్రైవేట్‌గా ఉండాలి. డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ కార్డు మీద పవర్ ఆదా చేసే టిక్కు తీసేయండి, ఎనర్జీ ఎఫిషియెంట్ ఈథర్నెట్ ఉంటే ఆపేయండి. అప్పటికీ ఆగితే స్విచ్‌లో ఆ పోర్టు సీఆర్‌సీ లెక్క సున్నా చేసి, సాయంత్రం చూడండి. అంకె పెరిగితే కేబుల్ మార్చండి. సున్నాగానే ఉంటే తప్పు నెట్‌వర్క్‌ది కాకపోవచ్చు, ఆ కంప్యూటర్ హార్డ్ డిస్కు చూపించండి.